మీ బాపు పుస్తకం అచ్చుకిచ్చే ముందు

బిడ్డా,

మీ బాపు సంవత్సరీకానికి చిన్న పుస్తకం తెస్తున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా చెవుల్లో బావ గొంతే మోగుతోంది. నువ్వు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. పద్యాలు, హార్మోనియం, నాటక పోటీలు, శాలువాలు, అన్నీ బాగా రాశావు. తూములు ఎత్తి దించి, రైతులకు వంతుల ప్రకారం నీళ్లు వదిలిన ముప్పై ఏళ్ల ఉద్యోగం మాత్రం "కాలువ మీద లస్కరుగా పనిచేశారు" అని ఒక్క ముక్కలో అయిపోయింది. నాకు అక్కడే కలుక్కుమంది.

ఆ తప్పు నేనూ చేశాను. నాకు నాటకం నేర్పిన సారు పోయినప్పుడు సంతాప సభలో అరగంట మాట్లాడాను. వేసిన వేషాలన్నీ చెప్పాను, ఆయన బడి సంగతే ఎత్తలేదు. సభ అయిపోయాక ఒక ముసలి రైతు నా చెయ్యి పట్టుకొని, "నాకు సంతకం నేర్పింది ఆయనే. ఆ ముచ్చట చెప్తవేమోనని ఆఖరుదాకా కూసున్న" అన్నాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

పేరున్న వాళ్లకూ ఇంతే. నేరెళ్ల వేణుమాధవ్ గారు మన మట్టెవాడలో 1932 డిసెంబరు 28న పుట్టారు. ఆ రోజును మిమిక్రీ కళాకారులు పండుగలా జరుపుకుంటారు. 1971లో ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన ఇచ్చారని, 2001లో పద్మశ్రీ వచ్చిందని వరంగల్లో ఎవరినడిగినా చెబుతారు. పంతులుగా పిల్లలకు పాఠాలు చెప్పారని, 1972 నుంచి ఆరేళ్లు శాసనమండలిలో కూర్చున్నారని ఎంతమంది తలుస్తారు? కాళోజీ గారూ 1958 నుంచి 1960 దాకా మండలి సభ్యులే. అయితే ఆయన కవిత్వమే జనం గొడవ కాబట్టి రెంటినీ విడదీయడం ఎవరి వల్లా కాలేదు.

మీ బాపునూ విడదీయకు. ఆయన జేబు నోటుబుక్కు నేను చూశాను. ఎడమ పేజీలో "పొద్దున 5కు తూము షట్టరు రెండు చుట్లు ఎత్తిన" అని ఉంటుంది. కుడి పేజీలో రాయబారం పద్యం, పక్కన "మోహన" అని రాగం పేరు. పేజీల నిండా కాలువ బురద మరకలే. ఆ రెండు పేజీలూ కలిపి ఫొటో తీయించి పుస్తకంలో వెయ్యి. మనం పది పేజీలు రాసినా అంత చెప్పలేం.

చివరి ఆయకట్టు రైతులను తప్పకుండా కలువు. ఎండాకాలం వంతు నీళ్లప్పుడు పైవాళ్లు రాత్రిపూట తూము ఎత్తుకుంటే కిందివాళ్లు కట్టెలు పట్టుకొని వచ్చేవారు. బావ ఎవరి మీదా అరిచేవాడు కాదు. కట్ట మీద కూర్చోబెట్టి, రంగస్థలం గొంతుతో ఎవరి వంతు ఎన్ని గంటలో నెమ్మదిగా చదివి వినిపించేవాడు. ఒకసారి నా కళ్ల ముందే కట్టెలు కింద పెట్టారు. ఆ రైతులూ ముసలివాళ్లయిపోతున్నారు, దసరా తర్వాత చూద్దాంలే అనుకోకు.

తారీఖులు చుట్టాల నోటి మాట మీద రాయకు, సర్వీసు పుస్తకం నకలు తీసుకో. ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తో రాయి, పెన్ను ఇంకు ముందు వైపుకు దిగుతుంది. క్యాసెట్లను మాత్రం ఇంట్లో ఉన్న పాత టేప్‌రికార్డరులో పెట్టకు. బూజు పట్టిన టేపు చుట్టుకొని తెగితే ఆ గొంతు మళ్లీ రాదు. తెలిసినవాళ్లతో శుభ్రం చేయించి, రెండు చోట్ల కాపీ పెట్టు.

ఇంకొకటి, రాయడానికి నీకు కష్టంగానే ఉంటుంది. నాటకం ఉన్న రాత్రుల్లో తూము కాడికి టార్చి పట్టుకొని పోయింది మా అక్క. నువ్వు చంకలో ఉండేదానివి. జీతం ఆయన పేరు మీద వచ్చేది, చప్పట్లూ ఆయనకే. ఆమె ఒక్కనాడు నాతో అనలేదు గానీ మోకాళ్ల నొప్పులు ఆ కట్ట మీద మొదలైనవే. అమ్మను అడుగు. మొదట "ఏముంది బిడ్డా చెప్పడానికి" అంటుంది. లేచిపోకుండా కూర్చో, ఫోన్ పక్కన పెట్టి విను.

వచ్చే ఆదివారం హన్మకొండ నుంచి పొద్దుటి బస్సుకు వస్తాను. క్యాసెట్ల ట్రంకుపెట్టె నేనొచ్చేదాకా ఎండలో పెట్టొద్దు.

మీ మామ