పాత సున్నపు గోడ సందుల్లో సిమెంటు నిలవట్లేదంటే

సిమెంటు వల్లే ఇదంతా. తాతగారి ఇంటి గోడ సందుల్లో సిమెంటు పెట్టిస్తే ఏడాదిలోనే ఊడిపోయి, ఇటుకలు కూడా పొడిపొడిగా రాలుతున్నాయన్నారు కదా, పాత సున్నపు గార మెత్తనిది, గోడలో చెమ్మ ఆ సందుల్లోంచే ఆరేది, ఇప్పుడా దారి మూసుకుపోయి ఇటుకలోంచి వస్తోంది. అందుకే సందుల్లో మళ్లీ అలాంటి సున్నపు గారే పెట్టాలి, పాత గారలో ఏవి ఏ పాళ్లలో ఉన్నాయో ఇలా తెలుసుకోండి.

1. సిమెంటు తగలని చోట, సందు లోపలి నుంచి గుప్పెడు పాత గార తీయండి. ఎండబెట్టి, ఇసుక రేణువులు నలగకుండా చిదిపి తూకం వేయండి.

2. భూతద్దంతో చూడండి. గవ్వ ముక్కలుంటే అవీ యాసిడ్‌లో కరుగుతాయి, సున్నం లెక్క ఎక్కువ వస్తుంది.

3. ఆరుబయట, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొంచెం కొంచెంగా వేయండి. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లు యాసిడ్‌లో పోయకూడదు.

4. అందరూ వదిలేసేది ఇక్కడే. నురగ ఆగాక పైన తేలే బురద నీళ్లు పారబోసి అడుగున మిగిలిన ఇసుక మాత్రమే చూస్తారు. ఆ నీళ్లను వడపోత కాగితంలో వడకట్టండి. ఎర్రటి మెత్తని పొడి మిగిలిందా? చాలావరకు అది ఇటుక పొడి, అంటే సుర్కీ. పాత గార చెమ్మకు తట్టుకుని గట్టిపడింది దానివల్లే, అది లేకుండా కలిపితే రంగూ కలవదు, పట్టూ రాదు.

5. ఇసుక, పొడి విడివిడిగా ఆరబెట్టి తూచండి. మొదటి తూకంలోంచి ఈ రెండూ తీసేస్తే వచ్చే తగ్గిన బరువును 0.74తో గుణిస్తే పొడి సున్నం సుమారుగా వస్తుంది.

అదే రకం ఇసుక, పొడి, సున్నం అదే పాళ్లతో కలిపి ముందు కనపడని మూల పెట్టి, తడి గోనె కప్పి, పూర్తిగా ఆరాక రంగు చూడండి.