కోడ్‌స్పెల్ మన భాష కోడ్‌నే తప్పు అంటోంది, ఎలా ఆపాలి?

తెలుగు అనువాదాలున్న ప్రాజెక్టులో కోడ్‌స్పెల్ (ఫైళ్లలో స్పెల్లింగు తప్పులు వెతికే టూల్) నడిపితే, మన భాషకు వాడే 'టీ-ఈ' అనే రెండక్షరాల కోడ్‌ని ప్రతిచోటా తప్పుగా చూపిస్తోందని, ఇగ్నోర్‌లో (పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్లో) పెట్టినా ఎర్రర్ వస్తోందని కదా మీ బాధ. నాకూ అచ్చంగా ఇదే జరిగింది.

కోడ్‌స్పెల్ దగ్గర ఉండేది నిఘంటువు కాదు, ఇంగ్లీషులో జనం తరచూ చేసే తప్పుల జాబితా. ఇంగ్లీషు 'ద' (టీ-హెచ్-ఈ) అని టైప్ చేయబోతే మధ్యలో హెచ్ ఎగిరిపోయిందనుకోండి, మిగిలేది టీ-ఈ. మన కోడ్ దానికి అలా దొరికిపోయింది.

ఇక ఎర్రర్ సంగతి. మీరు బహుశా 'ఇగ్నోర్-వర్డ్స్' అని రాసి ఉంటారు. దానికి కావలసింది ఫైల్ పేరు. పదాలు నేరుగా ఇవ్వాలంటే చివర 'లిస్ట్' కూడా ఉన్న ఆప్షన్ వాడాలి. నాకు ఆ తేడా కనబడటానికి ఓ సాయంత్రం పట్టింది. పదాలను కామాలతో విడదీసి, అన్నీ చిన్నబడి అక్షరాల్లోనే రాయండి. ఈ సెట్టింగులు 'డాట్ కోడ్‌స్పెల్‌ఆర్‌సీ' అనే కాన్ఫిగ్ ఫైల్లో రాస్తే, వాటికి పైన చదరపు బ్రాకెట్లలో కోడ్‌స్పెల్ అని ఉండాలి. చూడకుండా వదిలెయ్యమని 'స్కిప్' ఆప్షన్లో ఫోల్డర్ ఇచ్చినా వదలకపోతే దారికి ముందు డాట్, స్లాష్ పెట్టి చూడండి. నాకు అలా పెట్టాకే పనిచేసింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: మొదటిసారే మైనస్ డబ్ల్యూ కొట్టకండి. అది అడక్కుండా ఫైళ్లు మార్చేస్తుంది. మా పాత ప్రాజెక్టులో ఎవరో 'రిసీవ్డ్' స్పెల్లింగులో ఐ, ఈ తారుమారు చేసి ఒక ఫీల్డుకి పేరు పెట్టారు. నేను కొట్టిన దెబ్బకి మా వైపు స్పెల్లింగ్ బాగుపడింది, సర్వర్ వైపు పాతదే ఉండిపోయింది. పేర్లు కలవక పేజీ ఖాళీ! ఆ రాత్రి టెన్షన్ చెప్పనలవి కాదు. ఇప్పుడైతే మైనస్ డబ్ల్యూకి తోడు మైనస్ ఐ 3 కూడా ఇస్తాను. ప్రతి మార్పుకీ అడుగుతుంది, విసుగే గానీ నిద్ర పడుతుంది.

అన్నట్టు, తెలుగు వాక్యాల్లో తప్పులు ఇది పట్టదు, ఆ జాబితాలో తెలుగే లేదు. దానికి హన్‌స్పెల్ అనే స్పెల్‌చెకర్‌లో తెలుగు నిఘంటువు పెట్టుకోవచ్చు. కాకపోతే 'ఇంట్లోంచేనా' లాంటి కలిపి రాసే మాటలు రాస్తే తప్పేనని గోల పెట్టినా ఆశ్చర్యపోకండి.