నౌకావిహారం కోసం మూలధనాన్ని కదపవచ్చా?

ప్రశ్న: ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగా నిరుడు పదవీ విరమణ చేశాను. నాకు 63 ఏళ్లు, మా వారికి 66. ఇంటి ఖర్చులకు నా పింఛను సరిపోతోంది. విరమణ సొమ్ములో 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒకే ఖాతాగా, 6 లక్షలు బ్యాంకు ఎఫ్.డి.గా ఉన్నాయి. సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి తిరిగి సింగపూర్‌లో దిగే నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్లాలని నాకు ఎంతో కోరికగా ఉంది. ఇద్దరికీ బాల్కనీ గది 1,40,000 అవుతుందని, కావాలంటే ఈఎంఐ ఇప్పిస్తామని ఏజెంటు అంటున్నారు. అది డబ్బును నీళ్లలో పోయడమేనని మా వారి అభిప్రాయం. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ కోరికను దుబారాగా నేను చూడను. రోజుకో ఊరు, పూటకో హోటలుగా సాగే విదేశీ యాత్రల్లో పెట్టెలు సర్దడానికి, బస్సు ఎక్కి దిగడానికే సగం ఓపిక ఖర్చవుతుంది. ఓడలో ఒకసారి సామాను విప్పుకుంటే చాలు. రాత్రి మీరు నిద్రపోతుండగానే అది ప్రయాణించి తెల్లవారేసరికి మరో రేవులో నిలుస్తుంది. బస, ప్రయాణం, భోజనం, సాయంకాలపు వినోదం దాదాపుగా ఒకే ధరలో వస్తాయి. ఒక ఊరిలో దిగబుద్ధి కాకపోతే బాల్కనీలో కూర్చుని సముద్రాన్ని చూస్తూ ఉండిపోవచ్చు. మోకాళ్లు సహకరిస్తున్న ఈ కొద్ది సంవత్సరాలలోనే ఇలాంటి యాత్ర చేయాలన్న ఆలోచన నా దృష్టిలో వివేకమైనదే. అయితే మీ వారి అభ్యంతరాన్ని కూడా తేలికగా తీసుకోకండి. ఏజెంటు చెప్పింది టికెట్టు ధరే గాని యాత్ర ఖర్చు కాదు.

ఆ 1,40,000కు హైదరాబాదు నుంచి సింగపూర్‌కు రానుపోను విమాన ఛార్జీలు ఇద్దరికీ దాదాపు 55 వేలు కలపండి. విమానం ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు కనుక ఒక రోజు ముందే చేరుకోవాలి. దాంతో ఒక రాత్రి హోటలు ఖర్చు వస్తుంది. ఓడ సింగపూర్ వదిలి మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి వీలున్న వీసా కావాలి. పెద్ద కంపెనీల ఓడలు చాలావాటిలో సిబ్బందికి టిప్పుల పేరిట ఒక్కొక్కరికి రోజుకు 15 నుంచి 20 డాలర్ల వరకు గది ఖాతాలో వేస్తారు. మీ ఇద్దరికీ నాలుగు రాత్రులకు అదే పది, పదిహేను వేల రూపాయల దాకా అవుతుంది. రేవుల్లో దిగి ఊరు చూడటం, బీమా, వైఫై కూడా కలుపుకుంటే మీరు 2,70,000 దగ్గర పెట్టుకోవడం మంచిదని నా అంచనా. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. దాని రేటు బడ్జెట్లలో మారుతూ వచ్చింది కాబట్టి బుక్ చేసే రోజున ఎంతో అడగండి. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను దాఖలు చేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు; కాని ముందుగా చేతి నుంచి పెట్టవలసిందే.

ఇక ఈ సొమ్ము ఎక్కడి నుంచి రావాలన్నది అసలు విషయం. సీనియర్ సిటిజన్స్ స్కీములో నుంచి కొంత మొత్తం మాత్రమే తీసుకునే వీలు లేదు. తీయాలంటే ఖాతా మొత్తాన్ని మూసివేయాలి. ఏడాది నిండిన తరువాత, రెండేళ్లు కాకముందు మూసివేస్తే డిపాజిట్టులో 1.5 శాతం కోత పడుతుంది. మీ 30 లక్షల మీద అది 45,000. నాలుగు రాత్రుల కోసం ఆ నష్టం భరించడం ఎంతమాత్రం తగదు. ఎఫ్.డి.లోని 6 లక్షలు ఆసుపత్రి అవసరాలకని అలాగే ఉంచండి. ఈఎంఐ వద్దనే నా గట్టి సలహా: యాత్ర నాలుగు రోజుల్లో ముగిసిపోతుంది, వాయిదాలు మాత్రం నెలనెలా పింఛనులోంచి పోతూ ఉంటాయి.

మీకు చక్కని మార్గం వేరే ఉంది. 8.2 శాతం చొప్పున 30 లక్షల మీద మూడు నెలలకోసారి 61,500 వడ్డీ వస్తుంది, ఇంటి ఖర్చులకు దాని అవసరం లేదని మీ మాటల్లోనే తెలుస్తోంది. అందులో నుంచి నెలకు 15,000 చొప్పున బ్యాంకులో 18 నెలల ఆర్.డి. (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టండి, అసలే 2,70,000 అవుతుంది, పైన వచ్చే వడ్డీ టీసీఎస్‌కు పనికివస్తుంది. మూలధనం చెక్కుచెదరదు, మీ వారి అభ్యంతరానికీ సమాధానం దొరుకుతుంది. అప్పటికి టికెట్ల ధరలు కొంత పెరిగినా, బడుల సెలవుల నెలలు కాకుండా రద్దీ తక్కువగా ఉండే వారాన్ని ఎంచుకునే వెసులుబాటు విరమణ పొందిన మీకు ఉంది.

ఈలోగా ఒక చిన్న యాత్ర చేసి చూడమని కూడా నా సూచన. విశాఖపట్నంలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. కార్డేలియా అనే క్రూయిజ్ సంస్థ 2022లోనూ 2025లోనూ విశాఖ, పుదుచ్చేరి, చెన్నైల మధ్య ఓడ నడిపింది. ఇది ఏడాది పొడవునా ఉండే సర్వీసు కాదు. ప్రకటన వచ్చినప్పుడు చూసుకోవాలి. వీసా, డాలర్లు, విమానం ఏవీ లేకుండా, అల మీద ఊగే గదిలో మీ ఇద్దరికీ నిద్ర పడుతుందా, తల తిరుగుతుందా అన్నది అక్కడే తేలిపోతుంది. మీ వారు మనసు మార్చుకోవడానికి నా లెక్కల కంటే ఆ ప్రయాణమే ఎక్కువగా పనిచేయవచ్చు.

ఎక్కడ తగ్గించుకోవాలి అన్నదాంట్లో చాలామంది బాల్కనీ వదిలేసి కిటికీ లేని లోపలి గది తీసుకుంటారు. మీరు వెళ్తున్నది సముద్రం కోసం కాబట్టి బాల్కనీ ఉంచుకోండి. పానీయాల ప్యాకేజీ, అదనపు రుసుముతో నడిచే ప్రత్యేక రెస్టారెంట్లు, వైఫై వదిలేయండి. కొన్ని కంపెనీలలో మద్యం ప్యాకేజీ గదిలో ఒకరు తీసుకుంటే రెండోవారూ తీసుకోవాలన్న నిబంధన ఉంటుంది, గమనించండి. ఓడలో నగదు చెల్లదు. ప్రతి ఖర్చూ గది ఖాతాలో డాలర్లలో చేరి చివర మీ కార్డు నుంచి పోతుంది. చాలా క్రెడిట్ కార్డులు దానిపై 2 నుంచి 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చుపై అదనపు రుసుము) వేస్తాయి. ప్రతి రాత్రీ ఆ ఖాతా చూసుకోవడం అలవాటు చేసుకోండి.

బీమాలో మాత్రం పొదుపు చేయకండి. మీ ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు సముద్రం మీద పనికిరాదు. ఓడ డాక్టరు ఫీజు డాలర్లలోనే ఉంటుంది, ఒడ్డుకు తరలించవలసి వస్తే ఖర్చు లక్షల్లోకి పోతుంది. క్రూయిజ్ ప్రయాణానికి, అత్యవసర తరలింపునకు వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉన్న పాలసీ తీసుకుని, బీపీ, షుగరు ఉంటే దాచకుండా దరఖాస్తులో రాయండి.

అడ్వాన్సు కట్టే ముందు ఏజెంటు నుంచి పోర్టు ఛార్జీలు, జీఎస్టీ, టీసీఎస్, టిప్పులు విడివిడిగా చూపే కొటేషను రాతపూర్వకంగా తీసుకోండి. ప్రయాణ తేదీ దగ్గరపడే కొద్దీ రద్దు రుసుము పెరుగుతుంది కనుక, ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో తేదీలతో సహా అందులో ఉండాలి. అది ఇవ్వడానికి వెనకాడే ఏజెంటుకు అడ్వాన్సు కట్టకండి.