75 ఇంచీల టీవీ కొనాలా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు బ్రాడీపేట. మా ఆయన 43 ఇంచీల టీవీ తీసేసి ఈఎంఐలో 75 ఇంచీలది కొందామంటున్నారు, మా హాలు పదడుగులే. అంత డబ్బు పెట్టొచ్చా?

జవాబు: చెల్లెమ్మా, ముందు టేపు పెట్టి గోడ కొలువు, 75 ఇంచీలంటే మూల నుంచి మూలకి కొలత, అడ్డంగానే దాదాపు ఐదున్నర అడుగులొస్తుంది, తలుపూ కిటికీ పోను అంత గోడ ఉందా? పైగా మీరు చూసేది కేబుల్లో సీరియళ్ళే అయితే మామూలు ఛానళ్ళు అంత పెద్ద తెర మీద సాగదీసినట్టు మసగ్గా కనిపిస్తాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచీలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, నిజమే. కానీ నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడొచ్చు, మొత్తం రొక్కం ఒకేసారి కడితే ఎంతకిస్తారో షాపులో అడిగి చూడండి.

నన్నడిగితే పాత టీవీ బాగానే పనిచేస్తోందిగా, ఇంట్లో ఏసీ లేకపోతే మాత్రం మే నెల ఎండల్లో పిల్లలు నిద్రపట్టక దొర్లుతుంటే ఆ డబ్బు ఏసీకి పెట్టడమే మేలు. ఏసీ ఉందా, అప్పు చెయ్యకుండా కొనగలరా, అయితే 55 ఇంచీలది తీసుకోండి, ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చుంటే హాయిగా ఉంటుంది. మీ ఆయన్ని మాత్రం కసురుకోకమ్మా, ఆయనకీ ముచ్చట ఉంటుందిగా.