పాత డీజిల్ పికప్: కిట్టు కొనే ముందు కొలతలు

ప్రశ్న: మాది పాత టాటా 207 డీఐ. పలాస నుంచి విశాఖకు జీడిపప్పు తోలుతుంటాం. ఈమధ్య ఆయిల్ తాగేస్తోంది, నీలం పొగ, లోడుతో పికప్ లేదు. మెకానిక్ ఇంజన్ దించి ఫుల్ కిట్టు (కొత్త పిస్టన్లు, రింగుల సెట్టు) వేసేద్దామంటున్నాడు. వేయించమంటారా? - ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఇంజన్ పని తప్పకపోవచ్చు. కిట్టు మాత్రం ఇప్పుడే కొనకండి. బండి బాగా వేడెక్కాక, స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ రింగులో, బోరో (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయాయి. అక్కడ పొగ లేదు, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రం కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతోంది అంటే వాల్వ్ సీళ్లు, గైడ్లు. దానికి హెడ్డు దించితే చాలు.

తర్వాత కంప్రెషన్ (సిలిండర్లలో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూపించండి. విడి అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. పదిహేను శాతం దాటితే విప్పాల్సిందే. పక్కపక్కన ఉన్న రెండే తక్కువ చూపిస్తే ముందు హెడ్ ప్యాకింగ్‌ను (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్) అనుమానించండి.

మీ ఇంజన్ 2956 సీసీ. బోరు 97, స్ట్రోక్ 100 మిల్లీమీటర్లు. విప్పాక బోరు గేజ్‌తో ప్రతి సిలిండర్‌నూ పైన, మధ్యన, కింద, ఒక్కోచోట క్రాంకు పొడవు వెంట ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలవాలి. ఎక్కువగా అరిగేది పై రింగు ఆగే చోట. అక్కడ వేలిగోరుతో గీస్తే గట్టు తగులుతుంది. గట్టున్న బోరులో కొత్త రింగులు వేసి సరిపెట్టడం డబ్బు దండగ: పై రింగు దానికి కొట్టుకుని విరుగుతుంది. అప్పుడు బోరింగో (బోరును చెక్కి పెద్దది చేయడం), లైనర్ (సిలిండర్ లోపలి తొడుగు) మార్పో తప్పదు. ఏ ఓవర్‌సైజు (అసలు సైజు కన్నా ఎంత పెద్ద) పిస్టన్ కావాలో కొలత చెప్తుంది. పిస్టన్లు తెచ్చి లేత్ వాళ్ల చేతిలో పెట్టాకే బోరు కొట్టించండి. డబ్బా మీద ఓవర్‌సైజు 0.50 మిల్లీమీటర్లు అని ఉన్నా, పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి దానికి తగ్గట్టు కొట్టాలి.

రింగును పిస్టన్‌కు ఎక్కించే ముందు విడిగా బోరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా నెట్టి, కొసల మధ్య ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. ఈ సైజు బోరుకు సుమారు 0.30 నుంచి 0.45 మిల్లీమీటర్లు ఉంటుంది. మాన్యువల్ వేరే చెప్తే మాన్యువల్ మాటే. గ్యాప్ చాలకపోతే వేడికి కొసలు ఒకదానికొకటి తన్ని బోరును గీరేస్తాయి.

హోనింగ్ (బోరు లోపల రాయితో సన్నటి గీతలు పెట్టడం) అయ్యాక బ్లాకును డీజిల్‌తో తుడిచి వదిలేయడం మన షాపుల్లో మామూలే. అది చాలదు. రాయి పొడి ఆ సన్నటి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను అరగదీస్తుంది. వేడి సబ్బునీళ్లు, బ్రష్షు పెట్టి తోమి, తెల్ల గుడ్డకు బూడిదరంగు అంటనంతవరకు కడగాలి. ఆరిన వెంటనే ఆయిల్ రాయకపోతే మన తీరం గాలికి పొద్దున్నకల్లా తుప్పు.

క్రాంకు మీద గీతలుంటే గ్రైండింగ్ చేయించి, సన్నబడిన క్రాంకుకు సరిపోయే అండర్‌సైజు బేరింగులు వేయాలి. బేరింగ్ క్యాపులను విప్పేటప్పుడే గుర్తులు పెట్టుకోండి, తారుమారు కాకూడదు. బ్లాకు పైభాగం ప్లేన్ చేయించి ఉంటే పిస్టన్ ఎంత పైకి పొడుచుకొస్తోందో డయల్ గేజ్‌తో చూసి, ప్యాకింగ్ మందం దాన్నిబట్టి ఎంచుకోవాలి. లేకుంటే పిస్టన్ వాల్వును తాకుతుంది.

ప్రశ్న: మా పికప్‌కు టర్బో లేదు. ఎలాగూ ఇంజన్ విప్పుతున్నాం కదా, టర్బో పెట్టించవచ్చా? - ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వద్దు. టర్బో అంటే గాలి ఒక్కటే కాదు. దాంతోపాటు డీజిల్ పెంచాలి, పెరిగిన వేడిని పిస్టన్లు, హెడ్ ప్యాకింగ్, రేడియేటర్ తట్టుకోవాలి. టర్బో ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే జెట్లు ఉండేది అందుకే. పైగా ఇలాంటి మార్పుకు ఆర్టీఓ అనుమతి కావాలి. బ్లాకు మారితే ఆర్సీలో కొత్త ఇంజన్ నంబర్ ఎక్కించాలి.

ఆ డబ్బు పంపు కాలిబ్రేషన్‌కు, నాజిళ్లకు, ఎయిర్ ఫిల్టర్‌కు పెట్టండి. పోయిందనుకున్న లాగే శక్తిలో చాలాభాగం అక్కడే దొరుకుతుంది. పంపు స్క్రూ తిప్పి ‘పవర్ పెంచే’ వాళ్ల దగ్గరకు మాత్రం వెళ్లకండి. వచ్చేది నల్లపొగ, పోయేది పిస్టన్ తల.

ప్రశ్న: ఇంజన్ చేయించాక కూడా సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు హీటెక్కుతోంది. మెకానిక్ థర్మోస్టాట్ తీసేశాడు. అయినా తగ్గలేదు. - ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: తిరిగి పెట్టించండి. బైపాస్ దారి ఉన్న ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ ఆ దారిని మూస్తుంది. అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్‌లో తిరుగుతుంది. అసలు కారణం వేరేచోట ఉండొచ్చు. బోరుబావి నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించి, సగం కూలెంట్, సగం బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్) పోయండి. ఫ్యాను బెల్టు, రేడియేటర్ మూత చూడండి. చల్లటి ఇంజన్‌కు మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నాయా? అయితే హెడ్ ప్యాకింగో, హెడ్డో. స్కేలు పెట్టి హెడ్డు వంపు చూసే ప్యాకింగ్ వేశారా అని అడగండి.

ప్రశ్న: కొత్తగా చేసిన ఇంజన్‌ను మొదట గంటలకొద్దీ స్లోలో వదిలేయాలా? - ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: వద్దు. స్లోలో ఒత్తిడి చాలక రింగులు బోరులో కూర్చోవు, బోరు గాజులా నునుపెక్కుతుంది. ముందు స్టాప్ లివర్ లాగిపట్టి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా, మధ్యలో సెల్ఫ్ చల్లారనిచ్చి. స్టార్టయ్యాక లీకులు చూసుకుని రోడ్డెక్కండి. మొదటి 1000 కిలోమీటర్లు సగం లోడు, స్పీడు మారుస్తూ. 500 దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కోసి చూడండి. మెరిసే సన్నటి పొడి కొంచెం ఉండొచ్చు, రేకు ముక్కలుంటే బండి ఆపి బేరింగులు చూపించండి.