సమాధానం: ష్లాంగెన్‌బాద్ పెరట్లో పసుపు మెడ పాముపిల్ల

జర్మనీలోని ష్లాంగెన్‌బాద్‌లో మీ పెరట్లో కనిపించిన పాముపిల్ల ఏ జాతిదో, విషపు వైపరేమోనని అడిగారు. మెడ వెనుక ఉన్న పసుపు మచ్చలే మీ అయోమయానికి కారణం. అవి గ్రాస్ స్నేక్ అనే విషం లేని పాముకే కాక, అలాగే విషం లేని ఎస్కులేపియన్ అనే మరో జాతి పాము పిల్లలకూ ఉంటాయి; ఎస్కులేపియన్‌కు పెరిగేకొద్దీ మాసిపోతాయి. సెప్టెంబరులో కంపోస్టు కుప్ప దగ్గర మీరు చూసిన పిల్ల 30 సెంటీమీటర్లు ఉందన్నారు కనుక, అది ఎస్కులేపియన్ అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడే పుట్టిన గ్రాస్ స్నేక్ పిల్ల ఇంచుమించు 20 సెంటీమీటర్లే ఉంటుంది.

1. చేతితో పట్టుకోకుండా, పక్క నుంచి ఫోటో తీయండి.

2. చాలామంది రంగు చూసి ఆగిపోతారు, కానీ తేల్చేవి పొలుసులు. ఫోటోను పెద్దది చేసి నడిమి భాగం చూడండి: వీపు మీది ప్రతి పొలుసు మధ్యలో సన్నని గట్టు పొడవునా ఉంటే గ్రాస్ స్నేక్, నునుపుగా మెరుస్తుంటే ఎస్కులేపియన్.

3. కనుపాప గుండ్రంగా ఉంటే, మీరు భయపడిన వైపర్ కాదు. వైపర్ కనుపాప నిలువు చీలికలా ఉంటుంది.

కుళ్ళే ఎరువు వేడికే ఈ పాముల గుడ్లు పొదుగుతాయి. మీ ప్రాంతంలోని ఎస్కులేపియన్ పాములు తమ జాతి ప్రధాన ఆవాసానికి దూరంగా విడిపడి మిగిలినవి, జర్మనీలో చట్టరక్షణ ఉన్నవి; కాబట్టి జూన్ చివరి నుంచి సెప్టెంబరు ముగిసేదాకా ఆ కుప్పను దయచేసి తిరగేయకండి.