వాచ్ డాగ్స్ గేముల్లో చూపించిన నిఘా నిజంగా ఉందా?

చాలావరకు ఉంది. యూబీసాఫ్ట్ 2014లో తెచ్చిన మొదటి గేము షికాగోలో నడుస్తుంది. కెమెరాలు, ట్రాఫిక్ సిగ్నళ్లు, కరెంటు అన్నీ సీటీఓఎస్ అనే ఒకే వ్యవస్థ చేతిలో ఉంటాయి. దారిన పోయే మనిషి వైపు ఫోన్ తిప్పితే చాలు, పేరు, ఉద్యోగం, ఆదాయం తెరమీదకి వచ్చేస్తాయి. ఒక్క బటన్‌తో ఊరంతా చీకటి చేసేయడం మాత్రం ఆట కోసం పెంచిందే.

నన్ను నిజంగా భయపెట్టింది 2016లో వచ్చిన రెండో భాగం. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కుర్రాడు మార్కస్ మీద అదే వ్యవస్థ చేయని నేరానికి అనుమానితుడని ముద్ర వేస్తుంది. సర్వర్లున్న భవనంలోకి దూరి తన ప్రొఫైల్ చెరిపేసుకోవడంతోనే కథ మొదలవుతుంది.

ఇదేదో ఊహ అనుకోకండి. అప్పటికే షికాగో పోలీసుల దగ్గర అలాంటి జాబితా ఉంది. ఎవరు కాల్పుల్లో చిక్కుకుంటారో ఆల్గరిదంతో లెక్కగట్టి, మనుషులకు 500 దాకా స్కోరు ఇచ్చేవాళ్లు. శిక్ష పడని అరెస్టులు కూడా ఆ లెక్కలోకి వచ్చేవి! తొలి జాబితాను ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ పరిశీలించి 2016లో ఫలితాలు బయటపెట్టింది. హత్యలేమీ తగ్గలేదు, జాబితాలో ఉన్నవాళ్లు కాల్పుల కేసుల్లో అరెస్టయ్యే అవకాశం మాత్రం పెరిగింది. చివరికి 2019లో దాన్ని ఆపేశారు.

రెండిట్లో ఒకటే ఆడే తీరిక ఉంటే రెండోదే ఆడండి.